త్యాగసేవాసక్త బెంగుళూరు నాగరత్నమ్మ

పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరి యొడ్డున వందలకొలది గాయనీగాయకులు వరుసలుదీరి కూర్చుండి, ఘనరాగ పంచరత్న కృతులను ఏకకంఠముతో పాడుదురు. ఆ అయిదింటిలో నాటరాగ కృతి సంస్కృతము. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని తక్కిన నాలుగును తెలుగు. ఉద్యోగరీత్యా దేశమున ఎచ్చటెచ్చటనో నివసించు మనవంటి తెలుగువారము ఆ దినములలో త్యాగరాజస్వామి చిత్రపటమునకు పూలమాల వేసి, ఆ కృతులనే పాడుకొందుము. అయితే ఆ మహనీయుని సమాధిపై నేడున్న ఆలయమును కట్టించినది ఒక స్త్రీ యనియు, కట్టించిన పిదప కూడ చాలకాలము ఆ ఉత్సవవేదికపై పాడుటకు ఆమెకు హక్కు లేకుండెననియు మనలో ఎందరికి తెలియును? ఆమెయే బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానమందలి నంజనగూడులో పుట్టలక్ష్మి యను దేవదాసికి జన్మించెను. తండ్రి సుబ్బారావు న్యాయవాది. కాని ఆమెను పెంచి విద్యాబుద్ధులు చెప్పించినది తల్లియే. గిరిభట్ట తిమ్మయ్యగారి వద్ద బాల్యముననే సంస్కృతము అభ్యసించెను. బెంగుళూరులో మునుస్వామప్పగారి వద్ద సంగీతము నేర్చెను. ఆయన త్యాగరాజస్వామి వాలాజాపేట శిష్యపరంపరకు చెందినవాడు. ఈ విధముగా స్వామి కృతులు ఆమెకు గురుముఖమున సంక్రమించినవి. గాత్రముతోపాటు నాట్యమును, సాహిత్యమును సాధించెను. కన్నడము మాతృభూమి భాష కాగా, తెలుగు ఆమెకు సంగీతభాషయు, సాహిత్యభాషయు నయ్యెను.

యౌవనమున మద్రాసు చేరిన పిదప ఆమె కీర్తి దక్షిణదేశమంతట వ్యాపించెను. కచ్చేరీల వలన విశేషధనము లభించెను. ఆ నగరమున ఆదాయపు పన్ను చెల్లించిన తొలి గాయనిగా ఆమెను పేర్కొందురు. ఆదాయపు పన్ను శాఖలో పనిచేయు మన మిత్రులకు ఇది ముచ్చట గొలుపు విషయమే!

ధనము, కీర్తి కలిగిన తరువాత సుఖముగా కాలము గడపుట ఆమెకు సాధ్యమే. కాని ఆమె స్వభావము అట్టిది కాదు. తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానమున, 18వ శతాబ్దిలో, ముద్దుపళని యను విదుషి రాధికాసాంత్వనమను తెలుగు శృంగారప్రబంధమును రచించెను. ఆ కవయిత్రియు దేవదాసియే. లభించిన ముద్రితప్రతిలో పద్యములు కొన్ని లోపించుట గమనించి, నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి పరిష్కరించెను. 1910లో వావిళ్ళవారు దానిని ప్రకటించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ కావ్యమును అశ్లీలమని ఖండించియుండిరి. పురుషకవుల శృంగారమును మెచ్చుకొనుచు, అదియే స్త్రీ వ్రాసినచో నిందించుట ఏమి న్యాయమని నాగరత్నమ్మ ధైర్యముగా ప్రశ్నించెను. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. పిమ్మట దశాబ్దములకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి చొరవ వలన ఆ నిషేధము తొలగినది. స్త్రీ కంఠమునకు, స్త్రీ లేఖినికి అడ్డుగోడ కట్టుటను ఆమె ఆనాడే సహింపలేకపోయెనని దీనివలన తెలియుచున్నది.

ఇక ఆమె జీవితమున ప్రధానఘట్టమునకు వత్తము. కాకర్ల వంశజుడైన త్యాగరాజస్వామి అంత్యకాలమున సన్న్యసించి, 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందెను. ఆయన సమాధి చిరకాలము ఆదరణ లేక యుండెను. 1903లో ఉమయాళ్పురం కృష్ణభాగవతార్, సుందరభాగవతార్ అను శిష్యులు దానిని బాగుచేయించిరి. తరువాత ఏటేట ఆరాధనము ఆరంభమయ్యెను గాని, నిర్వాహకులు పెద్దపక్షము, చిన్నపక్షము అని రెండుగా చీలిపోయిరి. వారి పోటీ నడుమ సమాధి మరల శిథిలమయ్యెను. 1921లో మైసూరు విద్వాంసుడు బిడారము కృష్ణప్పగారు ఈ దుస్థితిని నాగరత్నమ్మకు తెలియజేసిరి. ఆమె హృదయము కలతచెందెను. అప్పటినుండి తన ఆర్జనమంతయు స్వామి ధనమేయని భావించి, ఆలయనిర్మాణమునకు పూనుకొనెను. 1926లో ఆలయమునకు కుంభాభిషేకము జరిగెను.

కాని ఉత్సవము ఇంకను పక్షములవారి చేతిలోనిదే. వారు సభలో పాడుటకు స్త్రీల ననుమతింపలేదు. ఇల్లు కట్టినవారికే ఇంటిలో చోటు లేని స్థితి యిది. కోపించి ఆలయద్వారము మూయించుట గాని, విసిగి మద్రాసునకు మరలుట గాని ఆమె చేయలేదు. ఆలయమునకు వెనుకవైపున స్త్రీలతో వేరుగా ఉత్సవము ప్రారంభించెను. పక్షములు మూడయ్యెను; మూడవది స్త్రీలది. తాను తిరువయ్యారులోనే స్థిరపడి, నిత్యపూజలు సాగించెను. తుదకు 1940లో పక్షములు ఏకమై ఉమ్మడి ఉత్సవమునకు అంగీకరించినవి. స్త్రీలకు పాడు అవకాశము లభించెను. నేడు మనము చూచు సామూహిక గానము ఆ సమైక్యము తరువాతనే స్థిరరూపము దాల్చినది.

ఆమె అభిప్రాయములన్నిటితో అందరును ఏకీభవింపలేదు. 1927లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఆడపిల్లలను దేవాలయములకు అంకితము చేయు ఆచారమును మాన్పింపవలెనని మద్రాసు శాసనమండలిలో ప్రతిపాదించిరి. నాగరత్నమ్మ దేవదాసీల పక్షమున దానిని ప్రతిఘటించెను. ముత్తులక్ష్మీరెడ్డిగారి తల్లియు ఆ కులమునకు చెందినదే. బాలికల భవిష్యత్తు ఒకరి చింత. తరతరముల విద్యకు, ఆస్తికి, గౌరవమునకు భంగము కలుగునని మరియొకరి చింత. 1947లో అంకితనిషేధ శాసనము వచ్చినది. బాలికలకు రక్షణ చేకూర్చిన ఆ శాసనమును నేడు మనము హర్షింతుము. అయినను కళను కాపాడిన ఆ స్త్రీల ఋణమును మరచుట ధర్మము కాదు.

1949లో నాగరత్నమ్మ మరణశాసనము వ్రాయించి, తన ఆస్తిని స్వామిసేవకు ధర్మనిధిగా ఏర్పరచెను. దేవదాసీలతో సహా స్త్రీలకు ఆ సన్నిధిని పాడు హక్కు ఉండవలెనని అందు నిబంధన చేసెను. ఒకరి దయపై ఆధారపడిన అవకాశము మరియొకరి ఆగ్రహముతో పోవచ్చును. వ్రాతపూర్వకమైన హక్కు అట్లు పోదు. కాగితములతో జీవించు మనకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1952 మే 19న ఆమె కన్నుమూసెను. ఆ సంవత్సరముననే రాధికాసాంత్వనము మరల వెలువడెను. స్వామి సమాధి చెంతనే ఆమెకును సమాధి నిర్మించిరి. అందలి విగ్రహము ఈనాటికిని స్వామికి అభిముఖముగానే యున్నది.

కన్నడదేశమున పుట్టి, తమిళదేశమున నివసించి, తెలుగు పాటకు గుడి కట్టించిన ఈమెది ఏ ప్రాంతమని చెప్పగలము? స్వస్థలమునకు దూరముగా నున్న మనకు ఆమె జీవితమొక ఓదార్పు, ఒక హెచ్చరిక కూడ. మన భాష మనవారి చేతనే నిలుచునని గర్వింపరాదు. ప్రేమించినవారందరి చేతను అది నిలిచినది. ఈసారి మన పిల్లలు, ఆడువారు, మగవారు కలిసి కూర్చుండి పంచరత్నములు ప్రారంభించునపుడు, ఒకప్పుడు ఆలయము వెనుక పాడిన ఆ కంఠమును ఒక్క క్షణము స్మరింతుము గాక.