బధిర చిన్నారుల తల్లిదండ్రులకు బాట చూపిన లూయిస్ ట్రేసీ

వినికిడి లోపంతో పుట్టిన బిడ్డకు తొలి గురువులు తల్లిదండ్రులేనని విశ్వసించి, వారికి ఉచితంగా శిక్షణ ఇచ్చే సంస్థను నెలకొల్పిన మహిళ శ్రీమతి లూయిస్ ట్రెడ్‌వెల్ ట్రేసీ. ఆమె 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. రంగస్థల నటిగా రాణిస్తున్న సమయంలో సహనటుడు స్పెన్సర్ ట్రేసీని 1923లో వివాహమాడారు. అనంతర కాలంలో రెండు పర్యాయాలు ఆస్కార్ పురస్కారం అందుకున్న హాలీవుడ్ అగ్రనటుడు ఈయనే.

1924 జూన్‌లో వారికి జాన్ జన్మించాడు. బిడ్డకు సుమారు పది నెలల వయసప్పుడు ఒకనాడు, అతడు నిద్రిస్తున్న చోట తలుపు పెద్ద శబ్దంతో మూసుకున్నది. బిడ్డ కదలలేదు. తల్లి పిలిచినా లేవలేదు. చేయి తగిలిన తరువాతే కళ్లు తెరిచాడు. ఈ చెవుడుకు చికిత్స లేదని వైద్యులు తేల్చారు. బధిర బాలలకు బడి వయసు వచ్చిన తరువాతే చదువు మొదలయ్యే రోజులవి. మాటలు నేర్వవలసిన తొలి సంవత్సరాలు అప్పటికే గడచిపోయేవి. అన్నాళ్లు వేచి ఉండటానికి లూయిస్ సమ్మతించలేదు. క్రమంగా రంగస్థలానికి దూరమై, బిడ్డ ఎదుట కూర్చుని, తన ముఖంపై వెలుగు పడేలా చూసుకొని, ఇంటిలోని ఒక్కొక్క వస్తువు పేరునూ పెదవుల కదలిక ద్వారా నేర్పారు. ఫలితం కనిపించడానికి ఎంతో కాలం పట్టింది. జాన్ పెదవుల కదలికను చదవడం, మాట్లాడటం నేర్చుకున్నాడు.

1942లో లాస్ ఏంజెలిస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆమె చేసిన ప్రసంగం విని, అటువంటి బిడ్డలే ఉన్న తల్లులు కొందరు ఆమెను ఆశ్రయించారు. విశ్వవిద్యాలయ ఆవరణలోని ఒక చిన్న ఇంటిలో జాన్ ట్రేసీ క్లినిక్ ఆ విధంగా ప్రారంభమైంది. స్పెన్సర్ ట్రేసీ ఆర్థికంగా ఆదుకున్నారు. వాల్ట్ డిస్నీ పాలకమండలిలో సేవలందించారు. పత్రికలలో ఈ ప్రముఖుల పేర్లే ఎక్కువగా వినిపించినా, దైనందిన భారం వహించినది లూయిస్ అన్నది గమనార్హం.

దూరప్రాంతాల కుటుంబాల కోసం 1943లో ప్రారంభించిన ఉత్తరాల పాఠాలు సంస్థ కార్యక్రమాలలో విశిష్టమైనవి. భోజనం, స్నానం, ఆట వంటి నిత్యకృత్యాలనే పాఠాలుగా మలచే విధానాన్ని తపాలా ద్వారా పంపేవారు. బిడ్డ ప్రగతిని తల్లిదండ్రులు వ్రాసి పంపితే, సంస్థ నుండి ఆ కుటుంబానికి ప్రత్యేకంగా జవాబు వెళ్లేది. ఈ పాఠాలు కాలక్రమంలో పలు భాషలలోకి అనువాదమై అనేక దేశాలకు చేరాయి. వీటికి రుసుము లేదు.

నోటిమాటకే ప్రాధాన్యమిచ్చి సైగల భాషను దూరంగా ఉంచడం పట్ల తదుపరి కాలంలో విమర్శలు వచ్చాయి. సైగల భాష స్వయంసమృద్ధమైన భాషగా గుర్తింపు పొందిన దృష్ట్యా ఆ విమర్శ సహేతుకమే. అయితే, బిడ్డకు చెవుడు ఉన్నదని తెలిసిన నాడే ఆ ఇంటికి సాయం అందాలన్న లూయిస్ వాదన ఏ పద్ధతిని అనుసరించేవారికైనా వర్తిస్తుంది.

జాన్ చిత్రకళ అభ్యసించి డిస్నీ స్టూడియోలో కొంతకాలం పనిచేశారు. అనువంశిక వ్యాధి వలన అనంతరం చూపును సైతం కోల్పోయి, 2007లో మరణించారు. లూయిస్ ట్రేసీ 1983 నవంబరులో లాస్ ఏంజెలిస్‌లో కన్నుమూశారు.