చింతమొక్క, పట్టా, మన్రో

మాది గోనెగండ్ల. మా నాయన కౌలుకు చేసే నాలుగెకరాల గట్టు మీద పోయినేడు ఆరు చింతమొక్కలు పెడితే, పొలం ఆసామి వచ్చి పీకేయమన్నాడు. కోపంతో కాదు, భయంతో. గింజ నుంచి చింతచెట్టు కాపుకు రావాలంటే ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఆ తర్వాత తరాలు కాస్తుంది. కౌలేమో ఏడాదికోసారి మాట్లాడుకునేది. చెట్టు పెట్టినోడు రేపు చేను కూడా నాదే అంటే? నాయన ఏమీ అనకుండా పీకేసినాడు. మళ్లీ వేరుశనగే.

ఆ సెలవుల్లోనే నేను థామస్ మన్రో గురించి చదివాను. మంత్రాలయం కథ మీ అందరికీ తెలుసు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా.

ఆయన 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వ్యాపారి, అమెరికా యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. కొడుకు 1780లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో దిగాడు. హైదరలీతో యుద్ధం చేశాడు, తర్వాత బారామహల్‌లో శిస్తు పని నేర్చుకున్నాడు. 1800లో నిజాం మన సీమను కంపెనీకి వదిలేసినప్పుడు, ఆదోని ప్రాంతం కూడా అందులోనే పోయింది. దీనికంతటికీ కలెక్టరుగా వచ్చి ఏడేళ్లు ఉన్నాడు. ఎక్కువగా గుడారాల్లోనే, ఊరూరూ తిరుగుతూ.

ఆయన చేసిన పెద్ద పని రైత్వారీ. మధ్యలో జమీందారు లేకుండా, చేను చేనుకూ కొలత వేసి, రైతు పేరు మీదే పట్టా. శిస్తు కడుతున్నంత కాలం ఎవరూ లేపలేరు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. పదేళ్ల తర్వాత కాసే చెట్టును నాటాలంటే మనిషికి కావాల్సిన ధైర్యం ఇదే కదా!

అట్లని దేవుణ్ణి చేయలేను. శిస్తు చాలా బరువుగా ఉండేది. అది ఆయనకూ తెలుసు, అందుకే 1807లో నూటికి 25 వంతులు తగ్గించమని రాశాడు. పైవాళ్లు వినలేదు. ఆయన పోయాక ఊళ్లనే గుత్తకిచ్చారు, అది చెడిపోయింది. 1820లో తానే గవర్నరై వచ్చాక రైత్వారీని మళ్లీ నిలబెట్టాడు. అదే మనిషి 1823లో మలబారు టేకు అడవులను చూసే కన్సర్వేటరు పదవిని ఎత్తేశాడు. వ్యాపారులు నరికారు. 1840లలో నీలంబూరులో సర్కారే మళ్లీ టేకు నాటుకోవాల్సి వచ్చింది. సొంతదారు ఉంటే చెట్టు బతుకుతుందన్న లెక్క అక్కడ తప్పిందని నా అభిప్రాయం.

ఇంకో తప్పు మా ఇంటికి దగ్గరిది. ఆయన డేటాబేస్‌లో పట్టాదారుకు కాలమ్ ఉంది, కౌలుదారుకు లేదు.

1827లో సీమను చివరిసారి చూడాలని వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చారు, 1831లో మద్రాసుకు తీసుకుపోయారు. మద్రాసులో గుర్రం మీద విగ్రహముంది. పత్తికొండలో మాత్రం ఆయన జ్ఞాపకంగా సర్కారు ఒక చెట్లతోపు పెట్టించి, రాతిమెట్ల బావి కట్టించింది. పత్తికొండ మాకు దూరమేం కాదు, దేవనకొండ దాటితే వస్తుంది.

ఇదంతా నాయనకు చెప్పాను. ఆయన ఒక్కటే అడిగినాడు, ఆ తోపు నేల ఎవరి పేరు మీద ఉందని.