ఉదయనాదం కూర్చిన ప్రవాసి: వాల్టర్ కాఫ్‌మన్

తెలతెలవారే వేళ రేడియో మీట తిప్పగానే వినవచ్చే ఆ చిన్ననాదాన్ని ఎరుగని ఇల్లు మన పెద్దల కాలంలో అరుదు. తంబురా శ్రుతిపై శివరంజని ఛాయలతో వయొలిన్ పలికిందంటే, తల్లులు పొయ్యి రాజేసేవారు, పిల్లలు పక్కలు వదిలేవారు. 1948లో విజయవాడ కేంద్రం వెలసింది. 1950లో హైదరాబాదు దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో విలీనమైంది. పిమ్మట ఆ నాదం తెలుగు పలికే ఇళ్ళకూ, ఉర్దూ పలికే ఇళ్ళకూ ఉమ్మడి సొత్తయింది. కాని, దానిని కూర్చినవారుగా ప్రసిద్ధికెక్కిన వాల్టర్ కాఫ్‌మన్ జీవితం ఎందరికి తెలుసు? అందుకే ఆ మహనీయుని మా సోదర విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

కాఫ్‌మన్ 1907లో బొహీమియాలోని కార్ల్స్‌బాద్‌లో యూదు కుటుంబంలో జన్మించారు. బెర్లిన్‌లోనూ, ప్రేగ్‌లోనూ సంగీతశాస్త్రం అభ్యసించారు. పరిశోధన ముగిసిన దశలో, తన పర్యవేక్షకుడు నాజీ పక్షపాతి అని తెలిసి డాక్టరేటు పట్టాను తిరస్కరించారు. చేతికందిన పట్టాను మనస్సాక్షి కొరకు వదులుకొనడం విద్యార్థులమైన మనకు తెలియని కష్టం కాదు.

హిట్లరు అధికారానికి వచ్చిన మరుసటి సంవత్సరం, 1934లో, ఆయన బొంబాయి చేరారు. తొలుత మన సంగీతం ఆయన చెవికి రుచించలేదు. అయితే లక్షలాది జనులు ప్రేమించే కళలో లోపముండదని, లోపం తన వినికిడిలోనే ఉన్నదని ఆయన తలపోశారు. వినయంతో శిష్యుడై నేర్చుకొన్నారు. బొంబాయిలో ఛేంబర్ సంగీత సంఘాన్ని స్థాపించారు. 1937 నుండి 1946 వరకు ఆలిండియా రేడియో బొంబాయి కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని నడిపారు. ఆ ఉదయనాదంలోని వయొలిన్ ఆయన సహచరుడు మెహ్లీ మెహతా వాయించినదని ప్రతీతి. తూర్పు తంబురా, పడమటి వయొలిన్ ఆ కొద్ది క్షణాలలో ఒకే ఇంటి బిడ్డలవలె ఒదిగిపోయాయి.

1946లో భారతదేశం వీడిన కాఫ్‌మన్ ఇంగ్లండు మీదుగా కెనడా చేరి, 1948లో విన్నిపెగ్ సింఫనీకి తొలి సంచాలకులైనారు. 1957 నుండి అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆచార్యత్వం నెరపారు. మన రాగాలను మాత్రం మరువలేదు. 1968లో ఉత్తరాది రాగాలపై, 1976లో దక్షిణాది రాగాలపై బృహద్గ్రంథాలు వెలువరించారు. 1984లో బ్లూమింగ్టన్‌లో కన్నుమూశారు.

సొంత ఊరు కోల్పోయిన మనిషి కోట్ల ఇళ్ళకు ఉదయాన్ని పరిచయం చేశాడు. పరాయివారి భాషను, పాటను వినే ఓర్పు ఉంటే పరాయితనం తొలగునని ఆయన జీవితం చాటుతున్నది. రెండు భాషలు పక్కపక్కన కూర్చొని చదువుకొనే ఈ కళాశాలలో ఆ పాఠం మనకు నిత్యపారాయణం కావాలని ఆశిస్తున్నాము.