‘జై హింద్’ యోధుడు ఆబిద్ హసన్

చౌటుప్పల్: రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న తాతముత్తాతల వివరాలు వెతికేవారు సాధారణంగా బ్రిటిష్ సైన్యం జాబితాల వద్దే ఆగిపోతారు. అందులో పేరు లేకుంటే యుద్ధానికే వెళ్లలేదని భావిస్తారు. అది సరికాదని చెప్పే జీవితం హైదరాబాద్ వాసి ఆబిద్ హసన్ సఫ్రానీది.

1911లో హైదరాబాద్‌లో జన్మించిన ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. తల్లి ఫక్రుల్ హాజియా బేగం స్వాతంత్ర్యోద్యమ అభిమాని. యువకుడిగా గాంధీజీ సబర్మతి ఆశ్రమంలో గడిపిన ఆయన, అనంతరం ఇంజినీరింగ్ చదువు కోసం జర్మనీ వెళ్లారు. 1941లో సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ చేరుకోగా, చదువు వదిలి ఆయనకు కార్యదర్శిగా, దుభాషిగా నిలిచారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ సైనికులతో అక్కడ ఒక దళం ఏర్పడింది. ఒక్కో మతం వారిది ఒక్కో పలకరింపు కావడంతో అందరికీ ఉమ్మడిగా ‘జై హింద్’ను ఆబిద్ హసన్ సూచించారని పలువురు చరిత్రకారులు పేర్కొంటారు.

జలాంతర్గామిలో మూడు నెలలు

1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవు నుంచి బోస్ జలాంతర్గామిలో బయలుదేరారు. వెంట ఉన్న ఏకైక భారతీయుడు ఆబిద్ హసన్. ఏప్రిల్‌లో మడగాస్కర్ సమీపాన, ఎగసిపడుతున్న అలల మధ్య రబ్బరు పడవపై ఇద్దరూ జపాన్ జలాంతర్గామిలోకి మారారు. మే నెలలో సుమత్రా సమీపంలోని సబాంగ్ చేరారు. 1944లో ఆజాద్ హింద్ ఫౌజ్ ఇంఫాల్ పోరులోనూ ఆయన పాల్గొన్నారు. హిందూ, ముస్లిం ఐక్యతకు గుర్తుగా కాషాయ వర్ణాన్ని సూచించే ‘సఫ్రానీ’ని పేరుకు చేర్చుకున్నారని చెబుతారు. యుద్ధానంతరం బ్రిటిష్ నిర్బంధం అనుభవించారు. స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ సేవలో చేరి, డెన్మార్క్ తదితర దేశాల్లో భారత ప్రతినిధిగా పనిచేశారు. 1969లో పదవీ విరమణ చేసి, 1984లో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

వెతకాల్సింది రెండు వైపులా

నిజాం సైనికులు బ్రిటిష్ పక్షాన కూడా పోరాడారు. 1941 డిసెంబరులో మలయాలోని కోటా బారు విమానాశ్రయం రక్షణలో హైదరాబాద్ సంస్థాన పదాతి దళం ఉంది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పతనంతో వేలాది భారతీయ సైనికులు బందీలయ్యారు. వారిలో అనేకులు ఫౌజ్‌లో చేరారు. అంటే ఒకే మనిషి రెండు సైన్యాల్లోనూ ఉండి ఉండవచ్చు. అలాంటి వారిని బ్రిటిష్ పాలకులు ద్రోహులుగా చూశారు. స్వాతంత్ర్యం తర్వాతా వారిని తిరిగి సైన్యంలోకి తీసుకోలేదు. పతకం, పింఛను కాగితం లేని ఇళ్లలో ఆ సేవ మాటల్లో కూడా మిగలకపోవడానికి ఇదో కారణం.

బ్రిటిష్ పక్షాన మరణించిన వారి పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో లభిస్తాయి. ఫౌజ్ దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ పురావస్తు భాండాగారంలో, నిజాం ప్రభుత్వ దస్త్రాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర భాండాగారంలో ఉన్నాయి. ‘హైదరాబాద్ రెజిమెంట్’ పేరు చూసి పొరబడరాదు. అది బ్రిటిష్ ఇండియా సైన్యంలోనిది, 1945లో కుమావూ రెజిమెంట్‌గా మారింది. పూర్వీకుని పేరు, తండ్రి పేరు, ఊరు, దళం రాసుకుని వెళితే అన్వేషణ సులువవుతుంది. ఇంట్లోని వృద్ధులను ముందుగా అడిగి ఆ వివరాలు నమోదు చేసుకోవడం మేలు.