ఖరగ్‌పూర్ కార్మికులు, వి.వి. గిరి, మన నష్టపరిహారం

సికింద్రాబాదు లాలాగూడ రైలు వర్క్‌షాపులో మిషను కింద చెయ్యి పోతే నష్టపరిహారం వస్తుందని అక్కడి కార్మికులందరికీ తెలుసు. అక్కడికి ఇరవై మైళ్ల దూరంలో, వరి నూర్చే మిషనులో చెయ్యి పోయిన కూలీకి హక్కు ఉందని ఎందరికి తెలుసు? ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో వి.వి. గిరి జీవితం చూస్తే కొంత అర్థమవుతుంది.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో ఒక తెలుగు వకీలు ఇంట పుట్టారు. 1913లో లా చదువుకోను డబ్లిన్ వెళ్లారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం పెట్టుకున్నందుకు 1916లో ఆ దేశం వదిలి రావాల్సి వచ్చింది. ఇక్కడ ప్లీడరీ పెట్టారు గాని, మనసు బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల మీదికి పోయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని పోయిన తెలుగువాళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఎందరో ఉండేవారు. గిరి వాళ్ల సంఘానికి నాయకుడయ్యారు. 1926లో ఏఐటియుసి అధ్యక్షుడయ్యారు. 1927లో ఉద్యోగాల కోతకు ఎదురుతిరిగి ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన సమ్మె దేశమంతా తెలిసింది.

ఆ రోజులకే కార్మిక నష్టపరిహార చట్టం ఉంది. 1923లో చేశారు, 1924 జూలై 1 నుంచి అమలైంది. అంతకు ముందు దెబ్బ తిన్నవాడే కోర్టుకెక్కి యజమాని తప్పని రుజువు చెయ్యాలి. తిండికే లేనివాడు కోర్టు ఖర్చులు ఎక్కణ్ణుంచి తెస్తాడు? కొత్త చట్టంతో తప్పెవరిదన్న పేచీ చాలావరకు పోయింది. పనిలో ఉండగా, పనివల్ల ప్రమాదం జరిగితే డబ్బు కట్టాల్సింది యజమానే. రైల్వే, ఫ్యాక్టరీ, గని కార్మికులకు ఇందులో చోటు దొరికింది. నాగలి పట్టినవాడు బయటే ఉండిపోయాడు. ఖరగ్‌పూర్‌లో ఉన్నంత సంఘబలం పొలాల్లో అప్పటికి లేదు మరి.

గిరి 1937లో మద్రాసులో, 1952లో ఢిల్లీలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో రాజీనామా చేశారు. అది మెచ్చుకోవలసిన పనే. ఆ తర్వాత గవర్నరు, ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి. ఆయన ఆ పీఠం మీద ఉండగానే 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. ప్రభుత్వం వేలమందిని జైళ్లలో పెట్టి అణిచింది. సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే కార్మికులూ దెబ్బ తిన్నారు. రాష్ట్రపతి చేతిలో ఏముందండీ అంటారు కొందరు. 1954లో కుర్చీ వదులుకున్న మనిషేగా ఆయన! 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

ఇక మన సంగతి. 1923 చట్టం జాబితాలోకి తర్వాత ట్రాక్టరుతో, కరెంటుతో నడిచే యంత్రాలతో చేసే సేద్యం వచ్చి చేరింది. ఆ చట్టాన్ని ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. 2025 నవంబరు 21 నుంచి అదే అమలులో ఉంది. అసలు సూత్రం మారలేదు. ప్రమాదం జరిగిన వెంటనే యజమానికి రాతపూర్వకంగా తెలియజేయడం కూలీ బాధ్యత. తాగి మిషను ఎక్కినా, రక్షణకు పెట్టిన కవచాన్ని కావాలని తీసేసినా మామూలు గాయాలకు పరిహారం పోతుంది. ప్రాణం పోతే మాత్రం ఆ సాకు చెల్లదు. అప్పుడు యజమాని ఆ డబ్బును అధికారి దగ్గరే జమ కట్టాలి. ఊళ్లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, విధవరాలి చేతిలో పదో పరకో పెట్టి, ఇక ఏమీ అడగనని వేలిముద్ర వేయించుకున్న కాగితం చెల్లదు.