పిలార్ వెనుక చిన్న పడవ

అమెరికా నవలాకారుడు ఎర్నెస్ట్ హెమింగ్వే 1934లో 38 అడుగుల మరపడవను బ్రూక్లిన్‌లో కట్టించుకొని, పిలార్ అని పేరిడెను. కీ వెస్ట్ నుండియు, తరువాత క్యూబా నుండియు ఏండ్ల తరబడి దానిపై మార్లిన్ చేపలను వేటాడెను. భార్య మేరీకై టిన్ కిడ్ అను చిన్న పడవయు సమకూర్చెను. పెద్దది చొరరాని లోతులేని నీట చిన్నదే తిరుగగలదు. కాని దానిని వెంట లాగికొని పోవుట సుకరము కాదు. త్రాడు పొట్టిదైన కెరటముపై జారివచ్చి పెద్దదాని వెన్ను గ్రుద్దును. పొడవైన గాలపు త్రాటితో పెనవైచికొనును.

చిత్రమేమన, ఆయనకు కీర్తి తెచ్చిన కథలో చిన్న పడవను లాగినది చేప! కబాన్యాస్ దగ్గర ఒక ముసలి జాలరి గాలమునకు మార్లిన్ తగిలి, పడవను నడిసంద్రమునకు ఈడ్చుకొనిపోయెను. రెండు దినములకు 60 మైళ్ల దూరమున తోడి జాలరులు అతనిని కనుగొనిరి. సొరచేపలు తినగా మిగిలిన సగమునకు లోపు భాగమే 800 పౌనులు తూగెను. ముసలివాడు పిచ్చివానివలె ఏడ్చుచుండెను. హెమింగ్వే దీనిని 1936లో ఒక పత్రికా వ్యాసమున క్లుప్తముగా వ్రాసి విడిచెను. అది నవలికయై వెలువడుటకు 16 ఏండ్లు పట్టెను. 1954లో నోబెల్ బహుమానము లభించెను.

1961 జూలై 2న ఆయన ప్రాణము తీసికొనెను. పిలార్ నేడు హవానా చెంత ఆయన యింటి తోటలో, నీరులేని చోట నిలిచియున్నది.