గాలిని లెక్కకు తెచ్చిన అన్నా మణి

2025 మార్చి చివరికి దేశంలో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. ఇంత సామర్థ్యం నిలబడాలంటే ఏ కొండ మీద గాలి వీస్తుంది, ఏ నెలలో వీస్తుంది, ఎంత ఎత్తులో ఎంత వేగంతో వీస్తుంది అన్నది ముందుగా ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి. 1980 ప్రాంతంలో ఈ ప్రశ్నలకు మన దగ్గర నమ్మదగిన జవాబుల్లేవు. వాటిని వెతికే పనిలో ముందు నిలిచింది అప్పటికే ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరైన ఒక భౌతికశాస్త్రవేత్త, అన్నా మోడయిల్ మణి.

ఆమె 1918 ఆగస్టు 23న తిరువాన్కూరు సంస్థానంలోని పీరుమేడులో పుట్టారు. ఎనిమిది మంది సంతానంలో ఏడో బిడ్డ. తండ్రి సివిల్ ఇంజనీరు, ఏలకుల తోటల యజమాని. సిరియన్ క్రైస్తవ కుటుంబమే అయినా ఆయన నాస్తికత్వం వైపు మొగ్గిన మనిషి. ఇంట్లో మగపిల్లలకు ఉద్యోగాల చదువు, ఆడపిల్లలకు పెళ్లి అనేది రివాజు. ఎనిమిదో పుట్టినరోజుకు ఆనవాయితీగా ఇచ్చే వజ్రాల కమ్మలు వద్దని ఆమె ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగి తీసుకున్న సంగతి ఆమె గురించి రాసేవాళ్లంతా చెబుతారు. ఆ ఏటికే ఊరి గ్రంథాలయంలోని మలయాళం పుస్తకాలు దాదాపు అన్నీ చదివేశారు. 1925లో వైక్కం సత్యాగ్రహం సందర్భంగా గాంధీ తిరువాన్కూరుకు వచ్చారు. ఆ ప్రభావంతో కట్టిన ఖాదీని ఆమె తర్వాత కూడా విడిచిపెట్టలేదు.

వైద్యం చదవాలనుకున్నా, బాగా వచ్చిన సబ్జెక్టు కాబట్టి భౌతికశాస్త్రం వైపు మళ్లారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఆనర్స్ పూర్తి చేసి, 1940లో స్కాలర్‌షిప్‌తో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సీవీ రామన్ ప్రయోగశాలలో చేరారు. రామన్‌కు అప్పుడు వజ్రాల మీద ధ్యాస. ముప్పైకి పైగా వజ్రాల వర్ణపటాలు, ప్రతిదీప్తి మీద మణి పనిచేశారు. ఒక్కో ఫొటో పలక మీద వర్ణపటం పడటానికి 15 నుంచి 20 గంటలు పట్టేది. రాత్రిళ్లు ల్యాబులోనే గడిచేవి. 1942, 1945 మధ్య ఒక్క పేరుతోనే ఐదు పరిశోధనా పత్రాలు వెలువరించారు. 1945 ఆగస్టులో మద్రాసు విశ్వవిద్యాలయానికి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో విశ్వవిద్యాలయం డిగ్రీ నిరాకరించింది. ఆనర్స్ పట్టాతోనే పరిశోధనకు స్కాలర్‌షిప్ వచ్చిందన్న వాస్తవం ఎవరికీ పట్టలేదు. ఆ గ్రంథం ఇప్పటికీ రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో, పట్టా పొందిన వారి గ్రంథాల పక్కనే ఉంది. ఈ అన్యాయాన్ని ఆమె జీవితకథకు కేంద్రంగా పెట్టడం ఇప్పుడు పరిపాటి అయింది. ఆమె మాత్రం పట్టా లేకపోవడం తన పనికి అడ్డు కాలేదనే తీరుగా ఉండేవారు. అన్యాయం అన్యాయమే కానీ, ఆమెను దాని చుట్టూ తిప్పితే అసలు పని కనబడకుండా పోతుంది.

ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద 1945లో ఇంగ్లండ్ వెళ్లారు. భౌతికశాస్త్రంలో పరిశోధన చేయాలన్నది కోరిక. లండన్ ఇంపీరియల్ కాలేజీ ద్వారా దొరికింది వాతావరణ పరికరాల్లో శిక్షణ. ఎంచుకున్న దారి కాదు, దొరికిన దారి. మూడేళ్ల తర్వాత 1948లో తిరిగి వచ్చి పుణెలోని భారత వాతావరణ శాఖ పరికరాల విభాగంలో, ఎస్పీ వెంకటేశ్వరన్ దగ్గర చేరారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మనకు మామూలు ఉష్ణమాపకం, వర్షమాపకం కూడా బ్రిటన్ నుంచే రావాలి. అవి ఇక్కడే తయారుకావాలని వెంకటేశ్వరన్ వర్క్‌షాపు పెట్టారు. 1953లో ఆ విభాగానికి మణి అధిపతి అయ్యేనాటికి ఆమె కింద పనిచేస్తున్నది 121 మంది మగవాళ్లు. సుమారు వంద వాతావరణ పరికరాల డ్రాయింగులను ప్రామాణికం చేసి ఉత్పత్తికి ఎక్కించారు. పరికరాలను ఒకదానితో ఒకటి పోల్చి సరిచూసే పద్ధతి మీద ఆమెకు పట్టింపు ఎక్కువ. తప్పు కొలత కంటే అసలు కొలవకపోవడమే మేలన్నది ఆమె వాదన. గాలి విషయంలో ఈ పట్టింపు ఎంత విలువైందో తర్వాత తెలిసింది.

1957, 58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో దేశమంతటా సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాలు ఏర్పాటు చేశారు. 1963లో విక్రమ్ సారాభాయ్ కోరిక మీద తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలనశాల పెట్టారు. 1964లో బెలూన్లతో పైకి పంపి ఓజోన్‌ను కొలిచే పరికరం తయారైంది. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరై బెంగళూరు చేరారు. రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో విజిటింగ్ ప్రొఫెసర్‌గా ఉంటూ దేశ సౌర వికిరణ సమాచారమంతా 1980, 1981 సంవత్సరాల్లో రెండు పుస్తకాలుగా తెచ్చారు. రెండోదానికి ఎస్ రంగరాజన్ సహరచయిత.

అక్కడి నుంచి గాలి.

గాలి నుంచి పవన శక్తి ఎంత వస్తుందన్నది దాని వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 5 మీటర్ల గాలి కంటే 6 మీటర్ల గాలిలో శక్తి 73 శాతం ఎక్కువ. ఇందులో ఒక చిక్కుంది. అనిమోమీటర్ 10 శాతం ఎక్కువ చూపించిందంటే, కాగితం మీద శక్తి 33 శాతం ఎక్కువ కనిపిస్తుంది. ఆ లెక్కను నమ్మి టర్బైన్ పెట్టినవాడు నిండా మునుగుతాడు. తక్కువ చూపిస్తే మంచి కొండ వృథాగా పడి ఉంటుంది. గాలి వ్యాపారం మొత్తం ఒక చిన్న తిరిగే గిన్నెల పరికరం నిజాయితీ మీద ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు.

మన దగ్గర అప్పటికి ఉన్న సమాచారమంతా వాతావరణ శాఖ కేంద్రాలది. వాటిలో చాలా కేంద్రాలు ఊళ్లలోనో, విమానాశ్రయాల పక్కనో ఉండేవి. చుట్టూ చెట్లు, భవనాలు పెరిగి గాలిని అడ్డుకునేవి. వాటి ఉద్దేశం వాన, తుఫాను హెచ్చరికలే గాని విద్యుత్తు కాదు. అందుకే భారతదేశంలో గాలి బలహీనమన్న అభిప్రాయం స్థిరపడింది. బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాల అంతకుముందే నీళ్లు తోడే గాలిమరలు రూపొందించింది, కానీ గ్రిడ్‌కు కరెంటిచ్చే టర్బైన్లకు ఆ దృష్టి సరిపోదు. ఉన్న సమాచారాన్నే వడబోసి, మణి డీఏ మూలేతో కలిసి 1983లో దేశ పవన శక్తి గణాంకాల గ్రంథం వెలువరించారు. ఆ పుస్తకం చేసిన మేలు రెండు విధాలు: ఎక్కడ ఆశ ఉందో చూపింది, ఎక్కడ మనకు ఏమీ తెలియదో కూడా చూపింది.

1982లో కేంద్రం సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖను ఏర్పాటు చేసింది. చమురు ధరల దెబ్బ తాజాగా ఉన్న రోజులవి. 1980ల నడుమ గుజరాత్, మహారాష్ట్ర, తమిళనాడు తీరాల్లో 55 కిలోవాట్ల చిన్న విదేశీ టర్బైన్లతో ప్రదర్శన కేంద్రాలు వెలిశాయి. వాటితోపాటే ప్రభుత్వ ఖర్చుతో దేశవ్యాప్త గాలి సర్వే మొదలైంది. దాని బాధ్యత పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ బెంగళూరులో పెట్టిన క్షేత్ర పరిశోధన విభాగానిది. సంక్షిప్తంగా ఐఐటీఎం అంటారు గాని మద్రాసు ఐఐటీతో దీనికి సంబంధం లేదు. ఆ విభాగాన్ని నడిపించింది మణి. అప్పటికి ఆమెకు అరవై ఏడు.

పద్ధతి చూడటానికి సాదా. గాలి ఉండవచ్చనిపించిన చోట 20, 25 మీటర్ల స్తంభం పాతాలి. రెండు ఎత్తుల్లో వేగం, దిశ నమోదు చేయాలి. రెండు ఎత్తులెందుకంటే పైకి పోయేకొద్దీ వేగం ఎంత పెరుగుతుందో తెలియాలి, అప్పుడే టర్బైన్ ఎత్తుకు అంచనా కట్టగలం. నైరుతి రుతుపవనం మూడు నెలలు విరగబడి తర్వాత నీరసించే దేశం కాబట్టి కనీసం ఏడాది పొడుగునా కొలవాలి. రోడ్డు లేని కొండల మీదికి స్తంభం మోసుకెళ్లడం, రికార్డు తెచ్చే మనిషిని పెట్టడం, పిడుగుకు పోయిన పరికరాన్ని మార్చడం... కష్టమంతా ఇక్కడే. రాష్ట్రాల్లో నోడల్ సంస్థలు చేయి కలిపాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పాత్ర నెడ్‌క్యాప్‌ది. ప్రభుత్వ సర్వే జాబితాలో చేరిన మన కొండల్లో నాటి అనంతపురం జిల్లా రామగిరి, తిరుమల దగ్గరి కాకులకొండ, నెల్లూరు నరసింహకొండ ఉన్నాయి. 1990లలో రామగిరి మీద టర్బైన్లు లేచాయి.

మణి మరో పని కూడా చేశారు. గాలివేగం, సౌరశక్తి కొలిచే పరికరాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు బెంగళూరులో సొంతంగా పెట్టారు. వందలాది స్థలాల్లో సేకరించిన గణాంకాలు నెలవారీ, గంటవారీ పట్టికలతో పలు సంపుటాలుగా అచ్చయ్యాయి. చదవడానికి ఇంత విసుగు పుట్టించే పుస్తకాలు అరుదు, పెట్టుబడిదారుడికి ఇంత పనికొచ్చినవీ అరుదే. పశ్చిమ కనుమల్లోని కంతల గుండా గాలి ఎందుకు దూసుకొస్తుందో, ఆరల్వాయ్‌మొళి కనుమ దగ్గర ముప్పందల్ ఎందుకు అంత విలువైన స్థలమో ఆ అంకెలు రుజువు చేశాయి.

అయితే ప్రభుత్వం ఒక చేత్తో కొలిపించి, మరో చేత్తో కొలతను పక్కనబెట్టే విధానం కూడా నడిపింది. 1990ల నడుమ టర్బైన్ ఖరీదు మొత్తాన్ని మొదటి ఏడాదే తరుగుదలగా చూపి పన్ను తగ్గించుకునే వీలు దొరికింది. తయారైన కరెంటుతో నిమిత్తం లేని రాయితీ అది. గాలి సరిగా లేని చోట కూడా యంత్రాలు లేచాయి, చాలావాటి ఉత్పత్తి అంచనాలను అందుకోలేదు. సర్వే సంపుటాలు బల్ల మీద ఉండగానే ఈ పని జరిగింది. ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహం ఇవ్వాలన్న ఆలోచన కేంద్రంలో పథకంగా రావడానికి 2009 దాకా పట్టింది.

1987లో ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ ఆమెకు కేఆర్ రామనాథన్ పతకం ఇచ్చింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. కొండలెక్కడం, పక్షులను చూడటం, చదవడం ఇష్టపడేవారు. 1994లో పక్షవాతం వచ్చి కదలలేని స్థితి ఏర్పడింది. 1998లో చెన్నైలో పవన శక్తి సాంకేతిక కేంద్రం వచ్చింది, డెన్మార్క్ సాయంతో కయత్తార్‌లో టర్బైన్ల పరీక్షా కేంద్రం పెట్టింది. గాలి కొలిచే పని క్రమంగా ఆ సంస్థకు మారింది. ఇప్పుడు దాని పేరు జాతీయ పవన శక్తి సంస్థ. స్తంభాలు ఇవాళ వంద మీటర్లకు, ఆపైకి పెరిగాయి. అన్నా మణి 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో మరణించారు.